గంట కొట్టేవాళ్లు లేని కాలేజీలో నా మొదటి ఏడాది

ఇంటర్ రెండేళ్లూ హైదరాబాద్‌లో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివాను. తెల్లారి అయిదున్నరకు గంట. స్టడీ అవర్‌కు గంట, టిఫిన్‌కు గంట, రాత్రి పదిన్నరకు లైట్లు ఆర్పేదాకా గంటలే. ఏ సబ్జెక్టు ఎప్పుడు చదవాలో, ఎప్పుడు పడుకోవాలో ఆ రెండేళ్లలో నేను ఒక్కరోజు కూడా ఆలోచించింది లేదు. 2022లో ఎంసెట్ రాసి, ఇబ్రహీంపట్నం వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్)లో చేరాను. దిల్‌సుఖ్‌నగర్‌లో లేడీస్ హాస్టల్. మొదటి వారం సాయంత్రం గదికి వచ్చి మంచం మీద కూర్చుంటే గంట కొట్టేవాళ్లు లేరు. ఆ ఖాళీ ఎంత హాయిగా అనిపించిందో! నాలుగు నెలలు తిరిగేసరికి అదే ఖాళీ నన్ను ఊపిరాడనివ్వలేదు.

చదవలేదని కాదు. రోజూ ఏదో ఒకటి చేస్తూనే ఉన్నాను. పొద్దున బస్సులో గంట పైనే, సాయంత్రం మళ్లీ అంతే. వచ్చాక రికార్డులు, అంటే ల్యాబ్ ప్రయోగాలు నీట్‌గా రాసిచ్చే పుస్తకాలు. ఇంజనీరింగ్ చదివినవాళ్లకు రికార్డు అంటే ఏంటో చెప్పక్కర్లేదు. ల్యాబ్‌లో రాసుకున్న అబ్జర్వేషన్ పుస్తకం మీద సంతకం అవ్వాలి, తర్వాత అదంతా మళ్లీ రికార్డులోకి ఎక్కించాలి, ఎడమ పేజీలో పెన్సిల్‌తో పట్టికలు, కుడి పేజీలో పెన్నుతో ప్రొసీజర్. నేను నాలుగైదు ప్రయోగాలు కూడబెట్టి సబ్మిషన్ ముందు రాత్రి రాసేదాన్ని. కెమిస్ట్రీలో ఈడీటీఏ అనే రసాయనంతో నీటి కఠినత్వం కనుక్కునే ప్రయోగం రాత్రి ఒంటిగంటకు ఫ్రెండ్ రికార్డు చూసి దించుతున్నాను. రంగు వైన్ రెడ్ నుంచి నీలంలోకి మారుతుందని రాస్తుంటే, అది నా చేత్తో నేనే చేశానన్న సంగతి కూడా గుర్తుకు రాలేదు. మరునాడు మిడ్, సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టే పరీక్ష. కళ్లు మండుతుంటే వెళ్లి రాశాను.

సెమిస్టర్ రిజల్ట్స్ వచ్చాయి. మ్యాథ్స్, సీ ప్రోగ్రామింగ్ రెండూ పోయాయి. మా బ్యాచ్ రూల్స్‌లో కాలేజీ వేసే ఇంటర్నల్ మార్కులు 40, సెమిస్టర్ చివరి పరీక్ష ఎక్స్‌టర్నల్ 60. ఎక్స్‌టర్నల్‌లో కనీసం 21 రావాలి, రెండూ కలిపి కనీసం 40 రావాలి. మ్యాథ్స్‌లో నాకు 60కి 16 వచ్చాయి. టెన్త్ దాకా మా స్కూల్ ఫస్ట్ నేనే.

ఇంట్లో చెప్పలేదు. నాయిన ఫోన్ చేసి అడిగితే ఇంకా రాలేదన్నాను. ఆ ఒక్క అబద్ధం నన్ను రెండు సబ్జెక్టుల కంటే ఎక్కువ తినేసింది. ఫోన్ మోగితే కడుపులో తిప్పేది. నెలన్నర ఊరికి పోలేదు. రాత్రి మూడింటిదాకా నిద్ర పట్టేది కాదు, పొద్దున బస్సు తప్పిపోయేది, ఫస్ట్ అవర్ అటెండెన్స్ పోయేది. అటెండెన్స్ 75 శాతం కంటే తగ్గితే కండొనేషన్ ఫీజు కట్టాలి, 65 కూడా లేకపోతే డిటెయిన్, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. ఆ భయం ఇంకోవైపు. రెండో సెమిస్టర్ మొదటి మిడ్‌లో పేపర్ చేతికి రాగానే చేతులు చెమటలు పట్టి ఆన్సర్ షీట్ తడిసింది. ముందురోజు చేసిన లెక్కే, మొదటి లైను కూడా రాలేదు.

మా హాస్టల్‌లో ఫైనల్ ఇయర్ అక్క ఒకామె ఉండేది. నేను టెర్రస్ మీద వాటర్ ట్యాంక్ పక్కన కూర్చుని ఏడుస్తుంటే చూసింది. ఏమీ అడగకుండా 14416కు కలిపి ఫోన్ నా చేతిలో పెట్టింది. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టింది, డబ్బులేం పడవు, తెలుగులోనే మాట్లాడతారు. అవతల ఆమె పరీక్షల గురించి తర్వాత అడిగింది. ముందు అడిగింది, "ఈ వారం ఎన్ని గంటలు పడుకున్నారమ్మా?" అని. లెక్కపెట్టి చెప్తే నాకే భయమేసింది. ఇంట్లో చెప్పడం గురించి కూడా ఆమెతోనే మొదటిసారి బయటికి అన్నాను.

మరునాడు నాయినకు ఫోన్ చేశాను. రెండు పోయాయని చెప్పి ఆగిపోయాను. అటువైపు మోటర్ చప్పుడు వినిపిస్తోంది. చాలాసేపటికి, "మల్ల రాసేటందుకు ఎంత కట్టాలె బిడ్డా? ఆఖరు తారీకు ఎప్పుడు?" అన్నాడు. చెప్పాను. "సరే, పైసలు ఏస్త. తిన్నవా?" అంతే. ఆ రోజు పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను, కానీ అది వేరే ఏడుపు.

తర్వాత టైమ్‌టేబుల్ వేశాను. స్కెచ్ పెన్నులతో, పొద్దున నాలుగున్నర నుంచి రాత్రి పదకొండున్నర దాకా, అచ్చం ఇంటర్ కాలేజీది లాగే. మూడోరోజుకు ఆగిపోయింది. అక్కే చెప్పింది, "నువ్వేం చెయ్యాలో రాయకు, ఏం చేస్తున్నవో రాయి, ఒక్క వారం." పాత డైరీ ఒకటి ఇచ్చింది. ఆ వారం పేజీలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. మంగళవారం పేజీ: "5.40 రూమ్. 5.40–7.15 ఫోన్ (పడుకుని). 7.15–8 డిన్నర్ లైన్, భోజనం. 8–9.30 మాటలు. 9.30–12.50 రికార్డు." చదువు అన్న మాటే లేదు ఆ పేజీలో. నాకు టైమ్ లేదని నెలల తరబడి అనుకుంటున్నాను. ఉన్న టైమ్‌ను రికార్డూ ఫోనూ పంచుకున్నాయి.

పెద్దగా మార్చింది మూడే. ల్యాబ్ రోజు రికార్డు ఆ రోజే, ఫోన్ ముట్టకముందే. అప్పుడే చేసిన ప్రయోగం కాబట్టి నలభై నిమిషాల్లో అయిపోయేది. కూడబెట్టి రాస్తే ఒక్కోదానికి గంట పైన పట్టేది. ఈ ఒక్క మార్పుకే నాకు వారంలో రెండు రాత్రుల నిద్ర వెనక్కి వచ్చింది. రెండోది, రాత్రి పదకొండు దాటితే పుస్తకం మూసేయడం, సగంలో ఉన్నా సరే. మూడోది, పొద్దున బస్సుకు ముందు గంటలో మ్యాథ్స్ లెక్క ఒకటి, గడియారం పెట్టుకుని. పేపర్ 60 మార్కులు, మూడు గంటలు, అంటే మార్కుకు మూడు నిమిషాలు, పది మార్కుల లెక్కకు అరగంట. నేను మ్యాట్రిసెస్‌లో ఐగెన్ వెక్టర్ల లెక్క ఒకటి మొదటిసారి యాభై రెండు నిమిషాలు చేశాను. రో ఆపరేషన్‌లో, అంటే మ్యాట్రిక్స్ అడ్డవరుసలను మార్చేటప్పుడు, ఒక మైనస్ గుర్తు పోయి, దాన్ని వెతకడానికే ఇరవై నిమిషాలు. అప్పటి నుంచి ప్రతి లైను పక్కన ఏ ఆపరేషన్ చేశానో రాసుకోవడం అలవాటు చేసుకున్నాను. పరీక్షలో చేతులు చెమట పట్టినా ఆ అలవాటు నన్ను నడిపించింది.

సప్లీ, అంటే పోయిన సబ్జెక్టు పరీక్ష, వేరుగా ఖాళీగా ఉన్నప్పుడు రాయొచ్చు అనుకుంటారు కొత్తవాళ్లు. మాకు వన్-వన్ (మొదటి ఏడాది మొదటి సెమిస్టర్) సప్లీలు వన్-టూ (రెండో సెమిస్టర్) రెగ్యులర్ పరీక్షలతో కలిసే వచ్చాయి. ఈరోజు రెగ్యులర్, మధ్యలో సప్లీ, మళ్లీ రెగ్యులర్. అందుకే మ్యాథ్స్‌లో అయిదు యూనిట్లూ ఎత్తుకోలేదు. మ్యాట్రిసెస్, ఐగెన్ విలువలు, కాలిక్యులస్ మూడూ గట్టిగా, మిగతా రెండింట్లో ఒక మార్కు ప్రశ్నలు మాత్రం. ఇది అందరికీ చెప్పే పద్ధతి కాదు, వదిలేసిన యూనిట్లు తర్వాత నేను వేరుగా కూర్చుని నేర్చుకోవాల్సి వచ్చింది. కానీ ఆ నెలలో మోయగలిగింది అంతే. శనివారం సాయంత్రం మాత్రం ఏ పుస్తకమూ ముట్టలేదు. అమ్మకు వీడియో కాల్ చేసి బట్టలు ఉతుక్కునేదాన్ని.

రిజల్ట్స్ రాత్రి తొమ్మిదికి వచ్చాయి. సైట్ తెరుచుకోవడానికి గంట పట్టింది. మ్యాథ్స్ పాసయ్యాను, 60కి 34. సెకండ్ సెమ్ అన్నీ పాస్. సీ ప్రోగ్రామింగ్ మళ్లీ పోయింది, మూడు మార్కుల్లో.

అప్పుడే నాయినకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "ఆఖరు తారీకు ఎప్పుడు?" అన్నాడు. ఇంకా ఇవ్వలేదు, రాగానే చెప్తానన్నాను. డైరీలో "సీ – పాయింటర్లు మళ్లీ మొదటి నుంచి" అని రాసి, పదకొండింటికి లైట్ ఆర్పేశాను. నిద్ర పట్టింది.