జార్జియన్ కాలపు ఇటుక ఇంటికి అనుమతి: నా అనుభవం

దక్షిణ లండన్‌లో మేము కొన్న ఇల్లు 1790ల నాటిది, అంటే జార్జ్ పేరున్న రాజులు ఏలిన జార్జియన్ కాలానిది. గోడకు గోడ ఆనుకుని వీధి పొడవునా సాగే ఇటుక ఇళ్ల వరుసలో అది ఒకటి. ఇంగ్లండ్ వారసత్వ కట్టడాల జాబితాలో దానికి గ్రేడ్ 2 రక్షణ ఉంది. ఆ రక్షణ వీధి వైపు కనిపించే గోడకే పరిమితమని చాలామంది అనుకుంటారు. నిజానికి లోపలి మెట్లు, తలుపులు, నిప్పుగూళ్లు, ఇంటికి చెంది 1948 జూలై 1కి ముందే ఉన్న ప్రహరీలు కూడా దాని కిందికే వస్తాయి. 1990 నాటి చట్టం ప్రకారం, ఇంటి స్వభావాన్ని మార్చే పనిని అనుమతి లేకుండా చేయించడం రెండేళ్ల వరకు జైలుశిక్ష పడగల నేరం. అంతేకాదు, పాత యజమాని చాటుగా చేసిన మార్పును సరిదిద్దమనే నోటీసు ఇప్పటి యజమానికే వస్తుంది, దానికి కాలపరిమితి కూడా లేదు. ఇలాంటి ఇల్లు కొనేవారు పాత అనుమతి పత్రాలను ఒక్కొక్కటిగా అడిగి తీసుకోవడం మంచిది.

మేము మూడు పనులు తలపెట్టాం. ముందుగోడ ఇటుకల సందుల్లో ఎప్పుడో ఎవరో నింపిన సిమెంటును తీయించి సున్నం నింపించడం, కిటికీలకు రెండు పొరల అద్దాలు పెట్టించడం, కింది అంతస్తులో ముందుగదికీ వెనకగదికీ మధ్య ఉన్న గోడను తొలగించడం. అనుమతి ఇచ్చేది స్థానిక పాలక సంస్థ అయిన కౌన్సిల్. దరఖాస్తుకు అది రుసుము తీసుకోదు. ఖర్చంతా కొలతల పటాలకూ, వాటితో జతచేయవలసిన వారసత్వ నివేదికకూ అవుతుంది. ఇంట్లో ఏది ఏ కాలానిది, దాని ప్రాముఖ్యం ఏమిటి, మనం చేయబోయే పని వల్ల దానికి కలిగే మేలూ హానీ ఎంత అన్నవి ఆ నివేదికలో రాయాలి. పటాలు ఆర్కిటెక్ట్ గీశారు, చరిత్ర భాగం నేను రాశాను. ఇల్లు అలా ఎందుకు ఉందో నాకు తెలిసింది ఆ రాతపని వల్లనే.

1666 అగ్నిప్రమాదం తరువాత లండన్ కట్టడాల చట్టాలన్నిటి వెనుకా నిప్పు భయమే ఉంది. 1709 చట్టం కిటికీ చట్రాన్ని గోడ ముఖం నుంచి నాలుగు అంగుళాలు లోపలికి జరపమంది. 1774 చట్టం చట్రపు పెట్టెను, అంటే పైకీ కిందికీ జరిగే కిటికీ బరువులు ఉండే చెక్క పెట్టెను, ఇటుక వెనుక దాచమంది. ఇళ్లను నాలుగు తరగతులు చేసి ఒక్కొక్క తరగతికీ గోడల మందం నిర్ణయించింది కూడా ఈ 1774 చట్టమే. మాది మూడో తరగతి, అంటే 350 నుంచి 500 చదరపు అడుగుల స్థలంలో లేచిన ఇల్లు. చెక్క నగిషీలకు అవకాశం లేకపోవడంతో అందమంతా కొలతల పొందికలోనే చూపవలసి వచ్చింది. మొదటి అంతస్తు కిటికీలు అన్నిటికన్నా పొడవు, పై అంతస్తువి పొట్టి. అంతస్తుకు రెండు గదులు, పక్కగా మెట్లు. కౌన్సిల్‌లో పాత కట్టడాల రక్షణ చూసే కన్జర్వేషన్ అధికారిణి ఇల్లు చూడడానికి వచ్చినప్పుడు మధ్యగోడ దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డారు. ఆ గోడ పోతే రెండు గదుల అమరికే పోతుందని అన్నారు. ఆ మాటలో న్యాయం ఉందనిపించి దానిని దరఖాస్తు నుంచి తీసేశాం.

కిటికీల విషయంలో ఆమె అంత సులువుగా తేల్చలేదు. రెండు పొరల గాజు పట్టాలంటే సన్నని చెక్క పట్టీలను లావు చేయాలి, అలలు అలలుగా కనిపించే పాత గాజును పారేయాలి. చివరకు పాత కిటికీకి లోపలి వైపున విడిగా మరొక అద్దపు చట్రం అమర్చడానికి ఒప్పుకున్నారు. ఆ సందర్భంలోనే కిటికీ పక్కన పలకలనుకున్న చోట రంగు పొరలు గీకి చూస్తే, మడత పెట్టి గూట్లోకి నెట్టేసిన అసలు చెక్క తలుపులు బయటపడ్డాయి. చలికి అవి అద్దం కన్నా తక్కువేమీ కాదని నా అభిప్రాయం.

ఇక ముందుగోడ. లండన్ పసుపు ఇటుక మెత్తనిది, నీటిని పీల్చి వదిలే రకం. సున్నపు మాలు దానికన్నా మెత్తన కాబట్టి తేమ సందుల గుండా ఆరిపోతుంది, అరిగితే సున్నమే అరుగుతుంది. సిమెంటు నింపితే ఆ దారి మూసుకుపోయి తేమ ఇటుక ముఖం నుంచే బయటికి రావాలి. చలికాలంలో అది గడ్డకట్టి ముఖాన్ని పొరలుగా ఊడదీస్తుంది. మా గోడకు పట్టిన తెగులు ఇదే. గానుగ సున్నంతో కట్టిన మండువా ఇళ్లు చూసి పెరిగిన నాకు ఇది కొత్త సంగతి కాదు. కానీ ఇక్కడ ఒక మేస్త్రి సిమెంటుతోనే కానిచ్చేద్దామని, ఎవరూ గమనించరని సలహా ఇచ్చాడు. అతన్ని మళ్లీ పిలవలేదు.

నిపుణుడైన మరో మేస్త్రి ముందుగా గోడంతా తట్టి చూశాడు. ఒక ఇటుక పొడవు ముఖం, పక్కది పొట్టి ముఖం వచ్చేలా పేర్చిన ఆ అల్లిక చూడడానికి దృఢంగా కనిపిస్తుంది. కానీ ఆ కాలపు కాంట్రాక్టర్లు ఖరీదైన ఇటుకను ఆదా చేయడానికి పొట్టి ముఖాల చోట సగం ముక్కలు పెట్టి, వెనుక చౌక ఇటుకతో నింపేవారు. అలాంటి చోట పైపొర లోపలి గోడను పట్టుకోకుండా ఉబ్బుతుంది. మా గోడలో గుల్ల శబ్దం వచ్చిన చోట్లను ఉక్కు కడ్డీలతో బిగించవలసి వచ్చింది, అది కూడా అనుమతిలో చేర్చిన తరువాతే.

అనుమతికి చట్టం చెప్పే గడువు ఎనిమిది వారాలు. మాకు అంతకన్నా ఎక్కువే పట్టింది. వచ్చిన షరతుల్లో ముఖ్యమైనది, పరంజా మీద చదరపు మీటరు మేర నమూనా చేసి చూపించడం. పాత మాలు ముక్కను ఆమ్లంలో కరిగించి, మిగిలిన ఇసుక రంగు, పలుకు చూసి దానికి సరిపడే ఇసుక తెప్పించారు. కోత యంత్రం నిషేధం కాబట్టి సిమెంటునంతా ఉలితోనే తీశారు. కిటికీల మీది కమానుల్లో మాత్రం చేయి పెట్టలేదు. అరగదీసిన ఎర్ర ఇటుకల మధ్య అక్కడ సున్నపు గీత ఒకటి రెండు మిల్లీమీటర్లే ఉంటుంది, ఉలి దూరితే ఇటుక అంచే పోతుంది. ముఖం ఊడిన ఇటుకలను కొన్నిటిని జాగ్రత్తగా తీసి, వెనుక ముఖం ముందుకు తిప్పి మళ్లీ పేర్చారు. సున్నం త్వరగా ఆరిపోకుండా తడి గోనెపట్టాలు కప్పారు. చలి ఐదు డిగ్రీల కిందికి దిగితే ఈ పని సాగదు కనుక అంతా వేసవిలోనే ముగించాలి.

సున్నం పని ధర సిమెంటు పనికన్నా బాగా ఎక్కువ. దాని మీద 20 శాతం వ్యాట్ కూడా పూర్తిగా కట్టాలి. అనుమతి పొందిన మార్పులకు ఒకప్పుడు ఉన్న మినహాయింపును 2012లో ఎత్తేశారు. ఇల్లు కాపాడమని నిర్బంధించే ప్రభుత్వమే ఆ పని మీద పన్ను వేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఇక పిట్టగోడ వెనుక, పైకప్పు రెండు వాలుల మధ్య సీసపు రేకు పరిచిన వాననీటి కాలువ పగుళ్లిచ్చింది. దాని మరమ్మతుకు వేరుగా అనుమతి కావాలో అక్కరలేదో లిఖితపూర్వకంగా చెప్పమని కౌన్సిల్‌కు రాశాను.