ఆష్‌బీలో ప్రిన్స్ ఎస్టాబ్రుక్

బోస్టన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లలో లెక్సింగ్టన్ చూడనివాళ్లు తక్కువ. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే అక్కడికి తీసుకెళ్తాం. తుపాకి పట్టుకున్న విగ్రహం పక్కన నిలబెట్టి ఫొటో తీస్తాం. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది ఇక్కడే అని చెప్పి, కాంకర్డ్ వైపు కారు తిప్పుతాం. రోడ్డుకి అవతల బక్‌మన్ టావెర్న్ అనే పాత సత్రం ముందు 2008లో పెట్టిన ఒక రాతి స్మారకం ఉంది. ఈసారి మా అమ్మాయి దాని దగ్గర ఆగింది. "నాన్నా, ఈయన బానిసట, మరి యుద్ధం ఎందుకు చేశాడు?" అని అడిగింది. మా ప్రయాణం ఆ ప్రశ్నతోనే మొదలైంది.

ఆయన పేరు ప్రిన్స్ ఎస్టాబ్రుక్. లెక్సింగ్టన్ రైతు బెంజమిన్ ఎస్టాబ్రుక్ ఇంట్లో బానిస. ఇంటిపేరు కూడా యజమానిదే. 1775 ఏప్రిల్ 19 తెల్లవారుజామున ఊరి దళం నాయకుడు కెప్టెన్ జాన్ పార్కర్ వెనక ఊరి మధ్య పచ్చిక మీద సుమారు 77 మంది వరసగా నిలబడ్డారు. ఎక్కువమంది రైతులే. ఎదురుగా వచ్చింది బ్రిటిష్ రాజుగారి సైన్యం. మొత్తం దళం దాదాపు 700 మంది. ఎవరు ముందు కాల్చారో ఈనాటికీ తేలలేదు. కొద్ది నిమిషాల్లోనే అంతా అయిపోయింది. పార్కర్ వైపు ఎనిమిదిమంది చనిపోయారు, పదిమంది గాయపడ్డారు. ఆ పదిమందిలో ప్రిన్స్ ఒకడు.

ఆ ఏడాదే అచ్చయిన చనిపోయిన, గాయపడినవాళ్ల జాబితాలో ఆయన పేరు ఉంది. కానీ పక్కనే, ఇతను నల్లవాడు అని ప్రత్యేకంగా రాశారు. మిగతావాళ్లకి అలాంటి వివరణ అవసరం రాలేదు. ఆ పోరు జరిగి ఐదు వారాలు కూడా గడవకముందే, బానిసలను సైన్యంలో చేర్చుకోకూడదని యుద్ధ ఏర్పాట్లు చూసే మసాచుసెట్స్ కమిటీ ఆఫ్ సేఫ్టీ తీర్మానించింది. ఆ విషయం చదివినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. అయినా ఆయన ఆగలేదు. ఆ జూన్‌లో బంకర్ హిల్ యుద్ధం జరుగుతున్నప్పుడు కేంబ్రిడ్జ్‌లో కాపలా కాశాడు. 1776లో న్యూయార్క్‌లోని టికాండెరోగా కోటకు నడిచి వెళ్లిన దళంలో ఉన్నాడు. తర్వాత మళ్లీ మళ్లీ చేరుతూ, 1783లో యుద్ధం ముగిసేదాకా సైన్యానికి పనిచేశాడు. తిరిగి వచ్చేసరికి స్వతంత్రుడు. అదే కాలంలో, క్వాక్ వాకర్ అనే బానిస కేసుల్లో తీర్పులు మసాచుసెట్స్‌లో బానిసత్వాన్ని కూలదోశాయి. 1790 జనాభా లెక్కల్లో ఈ రాష్ట్రంలో ఒక్క బానిస కూడా లేడు.

మరి మా అమ్మాయి ప్రశ్నకి జవాబు? ఆయన రాసిన ఉత్తరంగానీ, చెప్పిన మాటగానీ ఒక్కటీ మనదాకా రాలేదు. అన్నీ ఇతరులు రాసిన జాబితాలే. ఆయన మనసులో ఏముందో ఊహించి చెప్పడం నాకు ఇష్టం లేదు. కానీ వెళ్లిపొమ్మన్న సైన్యంలోకి అన్నిసార్లు తిరిగి వెళ్లిన మనిషికి అది పరాయి యుద్ధం కాదని మాత్రం నమ్ముతాను.

లెక్సింగ్టన్‌లో చనిపోయినవాళ్ల అవశేషాలు పచ్చిక మీదే, 1799లో కట్టిన స్తూపం దగ్గర ఉన్నాయి. కెప్టెన్ పార్కర్ 1775 సెప్టెంబరులోనే క్షయతో పోయాడు. ఆయన స్మారకం ఊరి పాత శ్మశానంలో ఉంది. ప్రిన్స్ సమాధి మాత్రం దాదాపు నలభై మైళ్ల దూరంలో, న్యూహాంప్‌షైర్ సరిహద్దు పక్కన ఆష్‌బీ అనే చిన్న ఊళ్లో ఉంది. బెంజమిన్ కొడుకు నేథన్ అక్కడ స్థిరపడితే, ముసలితనంలో ప్రిన్స్ కూడా ఆ ఇంటికే చేరాడు.

119 నంబరు రోడ్డు మీద లిటిల్‌టన్, గ్రాటన్, పెపరెల్, టౌన్‌సెండ్ దాటి వెళ్లాం. గ్రాటన్ దాటాక ఇళ్లు పలచబడి అడవి మొదలైంది. ఆ అడవిలోకి రాతిగోడలు వెళ్తున్నాయి. చెట్ల మధ్య గోడలెందుకని మొదట ఆశ్చర్యంగా ఉంటుంది. అవి ఒకప్పటి పొలాల గట్లు. ఈ నేలంతా హిమానీనదాలు వదిలిన రాళ్లే. చలికాలంలో నేల గడ్డకట్టి, కరిగినప్పుడల్లా అడుగునున్న రాళ్లు పైకి లేస్తాయి. ప్రతి వసంతంలో ముందు రాళ్లు ఏరాలి, తర్వాతే దున్నాలి. మొక్కజొన్న, రై ధాన్యం, పశువులకి ఎండుగడ్డి, కాస్త ఆపిల్ తోట. ఇదీ ఆనాటి సేద్యం. యుద్ధం కొన్నేళ్లు. బతుకంతా ఈ రాళ్లతోనే. ఆ గోడల మీద చెయ్యి పెట్టి చూడకుండా ఉండలేకపోయాను.

ఆష్‌బీలో ఊరి మధ్య పచ్చిక, దాని పక్కన 1809 నాటి తెల్లని ఫస్ట్ పారిష్ చర్చి. వెనకనే పాత శ్మశానం. వాలిన పలకరాళ్లు, వాటి మీద చెక్కిన విల్లో చెట్లు, కలశాలు. ప్రిన్స్ 1830 ప్రాంతంలో పోయాడు. అప్పటికి తొంభై ఏళ్లు ఉండొచ్చంటారు. సమాధి మీద రాయి ఆయన పోయిన చాలా ఏళ్లకి పెట్టింది. మా అమ్మాయి ముందుగా కనిపెట్టి పిలిచింది. రాయి మీద పేరు చేత్తో తడిమి చదివింది.

నాకు మా తాతగారింటి పాలేరు గుర్తొచ్చాడు. చిన్నప్పటి నుంచి పోయేదాకా ఆ పొలమే దున్నాడు, మమ్మల్ని భుజాల మీద మోశాడు. ఆయన్ని ఎక్కడ పూడ్చారో మా ఇంట్లో ఎవరూ చెప్పలేరు. మా అమ్మకి ఆ సాయంత్రమే ఫోన్ చేసి అడిగాను. ఆయన మనవళ్లు ఇంకా ఊళ్లోనే ఉన్నారని, కనుక్కుంటానని అంది.

ఆష్‌బీ వెళ్లాలనుకునేవాళ్లు ఏప్రిల్ దాటాక వెళ్లండి. చలికాలంలో రాళ్లు మంచులో మునిగిపోతాయి. ఏప్రిల్‌లో, ఆ పోరు జ్ఞాపకార్థం జరిపే పేట్రియట్స్ డే నాడు తెల్లవారుజామున లెక్సింగ్టన్ పచ్చిక మీద ఆ పోరాటాన్ని మళ్లీ ప్రదర్శిస్తారు. ఆ వరసలో ప్రిన్స్ పాత్ర కూడా ఉంటుంది. అది చూసి, తర్వాత ఆష్‌బీ వెళ్తే ఇంకా బాగుంటుంది.