వంపు గీత కోసం మూడు నెలలు: నా అనుభవం

ఈరోజు రాగి రేకు మీద గరుకు లేని వంపు గీత చెక్కాను. లోహం మీద చెక్కడం నేర్చుకుంటున్న ఈ మూడు నెలల్లో ఇదే మొదటిసారి. ఇంకా చేతిలోంచి రేకు కింద పెట్టబుద్ధి కావడం లేదు.

రేకుకి మెరుగు పెట్టడం, చైనీస్ వైట్ అనే తెల్ల రంగు పూసి పెన్సిల్‌తో డిజైన్ గీయడం, రేకుని పట్టుకుని గుండ్రంగా తిరిగే బాల్ వైస్‌లో బిగించడం వారంలో వచ్చేశాయి. తిన్నని గీతలు రెండో వారానికి కుదిరాయి.

వంపు దగ్గరే నా పరువు పోయింది. గీత లోపలి అంచు అద్దంలా ఉండేది, బయటి అంచు మాత్రం ఎలుక కొరికినట్టు ఉండేది. నేర్పే మాస్టారు నా రేకు అందరికీ చూపించి, "చెయ్యి వణుకుతోంది, నీకు ఈ పని రాదు" అన్నారు. నేనూ నమ్మాను. ఊపిరి బిగపట్టి చెక్కాను, రోజుకి వందల గీతలు గీశాను. అదే గరుకు. గ్రేవర్ (చెక్కే సన్నని ఉలి) పట్టుకుంటేనే టెన్షన్.

మొన్న రాత్రి గ్రేవర్ మొనని లూప్ (చిన్న భూతద్దం) కింద పెట్టి చూశాను. మొన కింద సన్నగా అరగదీసే హీల్ ఒక మిల్లీమీటరు పైనే ఉంది! తిన్నని గీతలో హీల్ మొన వెనకే గాడిలో నడుస్తుంది. వంపులో మొన తిరుగుతుంది, పొడుగు హీల్ తిరగలేక బయటి గోడని రాసేస్తుంది. చేతిది కాదు తప్పు!

డైమండ్ ల్యాప్ అనే సాన బిళ్ల మీద, మొన ముందు వైపు ఉండే ఫేస్‌ని 45 డిగ్రీల్లో అరగదీస్తూ హీల్‌ని పావు మిల్లీమీటరుకి తెచ్చాను. హీల్‌ కోణం 15 డిగ్రీలే ఉంచి, సిరామిక్ ల్యాప్ మీద నునుపు చేశాను. బొటనవేలి గోరు మీద ఆనిస్తే జారకుండా పట్టుకుంది. ఎడమ చేత్తో వైస్ తిప్పుతుంటే గీత దానంతటదే వంపు తిరిగింది.

నేర్పేవాళ్లు చెయ్యిని తిట్టేముందు పనిముట్టు చూడాలి. ఆ ఒక్క నిమిషం చూసి ఉంటే నాకు ఇన్ని వారాలు మిగిలేవి. గ్రేవర్‌ని తోసే, గాలితో నడిచే హ్యాండ్‌పీస్ కొనమని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. కొనకండి. హీల్ పొడుగైతే అదీ గోడని గీకుతుంది, ఇంకా వేగంగా. జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1514లో రాగి పలకలు చెక్కింది అరచేతి ఒత్తిడితోనే కదా.

రేపటి నుంచి ఉక్కు. మొన విరక్కుండా ఫేస్ 50 డిగ్రీలకి మార్చి పెట్టుకున్నాను.