దత్తాంశంలో లేని మనిషి

మన శ్రీకాకుళం బడి బ్యాచి సంచిక బాధ్యత, మనం ఆకాశవాణి అని పిలుచుకునే నేస్తానికి అప్పగించిన రోజే మనమందరం జాగ్రత్త పడవలసింది. నెల రోజుల్లో పదకొండు సార్లు ఫోను చేసింది. “నీ నవల గురించి, దానికీ మన బడికీ ఉన్న సంబంధం గురించి రెండు పేజీలు రాయి. ఫొటో ఈ మధ్యది పంపు, పెళ్ళినాటిది వద్దు. మాస్టార్లను తిట్టకూడదు. కొబ్బరికాయ సంగతి రాయకూడదు.” ఆ చివరి షరతు ఎవరిని కాపాడటానికో మీకు తెలుసు కనుక నేను ఆ జోలికి పోవడం లేదు.

ఆరు నుంచి పది వరకు ఐదేళ్ళు చదివాను కదా, రెండు పేజీలు ఏ మూలకు సరిపోతాయని మొదట అనుకున్నాను. తీరా కూర్చుంటే ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల నుంచి నాకు మిగిలినవి మూడే మూడు: వానకు కారే పెంకుల కింద మనం జరుపుకుంటూ పోయిన బెంచీలు, సాంఘికశాస్త్రం మాస్టారి గొడుగు, మనం గోళీసోడా అని పిలిచేవాడి ముక్కు. పదో తరగతి అంతా పరీక్షల భయంలో కొట్టుకుపోయింది. ఫలితాలు వచ్చిన 1979 వేసవిలోనే విజయనగరం జిల్లా ఏర్పడి, బొబ్బిలి అందులోకి వెళ్ళిపోయి, అప్పటిదాకా మనవాడైన బొబ్బిలి నేస్తం ఒక్క రాత్రిలో ‘పరజిల్లా’ అయిపోయాడు, ఆ పేరే వాడికి ఉండిపోయింది. అది తప్ప ఆ సంవత్సరం గురించి చెప్పుకోదగ్గది నాకేమీ కనబడలేదు.

అంచేత (ఈ మాట చదవగానే మీకు ఎవరి గొంతు వినిపించిందో నాకు తెలుసు) నేను రాసేది తొమ్మిదో తరగతిలోని ఒక్క వారం గురించి.

పాత బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల కొట్టు ఉండేది కదా, రోజుకు పది పైసలు. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు కత్తిరించి, దబ్బనంతో కుట్టి, సిమెంటు సంచి కాగితంతో అట్ట వేసిన పుస్తకాలు. నలుగురం తలా రెండున్నర పైసలు వేసుకుని ఒకటి తెచ్చేవాళ్ళం. ఒక్క రోజులో నలుగురు చదవాలి. పరజిల్లా దానికి ఉపాయం కనిపెట్టాడు: దారం విప్పి తలా నాలుగు వారాలు పంచుకోవడం. వరస ఎవరికి దొరికితే వారిది అదృష్టం. కూర్మం ఎప్పుడూ భార్య విధవ అయ్యాక మొదలుపెట్టి, భర్త చచ్చిపోయే దగ్గర ముగించేవాడు. అయినా వాడికి కథ అర్థమయ్యేది. అంత బుర్ర ఉన్నవాడు లెక్కల్లో ఎందుకు తప్పాడో ఇప్పటికీ తెలియదు.

1977 చివరలో మా చేతికి వచ్చిన సీరియల్‌లో ఒక పాత బంగళా, అందులో పదిమంది, అందులో ఒక శవం. ఆఖరి మూడు వారాలు లేవు. కొట్టు తాతగారిని అడిగితే “అవి లేకుండానే ఆరు నెలలుగా అద్దెకు పోతోంది, మీకే వచ్చింది కష్టం” అన్నారు. రెండు రోజులు మా నలుగురికీ అన్నం సహించలేదు. మూడో రోజు నేను నలభై పేజీల నోటుపుస్తకం కొని ఆ మూడు వారాలూ రాసేశాను. హంతకుడు, చనిపోయినవాడి కవల సోదరుడు. రంగూను నుంచి ఓడ దిగి వచ్చాడు. మన వైపు ప్రతి ఇంటికీ రంగూను వెళ్ళి తిరిగిరాని తాతో మేనమామో ఉండేవాడు కనుక ఎవరూ వేలెత్తి చూపలేదు. పైగా అద్దె కూడా పెట్టాను, ఒకసారి చదవడానికి నాలుగు జీళ్ళు. నా సాహిత్య జీవితంలో పారితోషికం రొక్కంగా, ఆలస్యం లేకుండా అందింది ఆ వారంలోనే.

శుక్రవారం మూడో పీరియడులో అది పట్టుబడింది. కూర్మం వల్లే అని రాస్తే వాడు నొచ్చుకుంటాడు, వాడి వల్లే. ‘అంచేత’ మాస్టారు, అదే మన లెక్కల మాస్టారు, పైథాగరస్ సిద్ధాంతం చెబుతూ వెనుదిరిగి ఉండగా వీడు “ఓడ దిగాడా!” అని పైకే అనేశాడు. మాస్టారు సుద్దముక్క చెవి మీద పెట్టుకుని వచ్చి, నోటుపుస్తకం తీసుకుని, రెండు పేజీలు నిలబడి చదివి, చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు. కొట్టలేదు. కొడితే బాగుండేది. ఆ శని, ఆదివారాలు నేను పడ్డ యాతన నా నవలలో ఎనభై ఆరో పేజీ నుంచి తొంభై రెండు దాకా ఉంది, చదివినవాళ్ళకు గుర్తుంటుంది.

సోమవారం ఆయన బోర్డును నాలుగు భాగాలు చేశారు. దత్తాంశం (ఇచ్చినది), సారాంశం (రుజువు చేయవలసినది), నిర్మాణం, ఉపపత్తి (రుజువు). త్రిభుజం గీస్తారనుకున్నాం. దత్తాంశం కింద “బంగళాలో పదిమంది, తలుపు లోపల గడియ, గోడ గడియారం ఆగిన సమయం 2:10” అని రాశారు. క్లాసులో ఈగ వాలితే వినబడేంత నిశ్శబ్దం. ఆకాశవాణి కూడా నోరు మూసుకుంది, కనుకనే ఆ రోజు నాకు ఇంత గుర్తు.

“సారాంశం మనం ముందే రాసుకుంటాం” అన్నారు. “కర్ణం మీది వర్గం మిగతా రెండు భుజాల మీది వర్గాల మొత్తానికి సమానం. మొదటి వరుసలోనే గుట్టు బయటపడిపోయింది. అయినా శుక్రవారం మీరంతా బోర్డు వంక ఎందుకు చూస్తూ కూర్చున్నారు?”

ఎవరూ మాట్లాడలేదు.

“ఎలా తేలుతుందో చూద్దామని. అంచేత? అంచేత హంతకుడి పేరు దాచిపెట్టడంలో గొప్ప లేదు. పేరు చెప్పేశాక కూడా కూర్చోబెట్టాలి.” తరువాత నిర్మాణం అన్న మాట కింద రెండు గీతలు గీశారు. “కొత్త గీత కావలసి వస్తే ఇక్కడ గీసుకోవాలి. చుక్కల గీత అయినా సరే. చూసేవాడు పట్టించుకోకపోతే అది వాడి ఖర్మ. కానీ ఉపపత్తి సగంలో ఉండగా ఎక్కడినుంచో గీత పుట్టుకు రాకూడదు.”

ఆ పీరియడంతా హత్యకే పోయింది. గంట కొట్టాక నా పుస్తకం నాకిచ్చేశారు. చివరి పేజీలో ఎర్ర సిరాతో: “దత్తాంశంలో లేని మనిషి ఉపపత్తిలోకి ఎక్కడినుంచి వచ్చాడు? 4/10.” ఆ ఎరుపు ఇప్పుడు గులాబి రంగుకు తిరిగింది గానీ అక్షరాలు పోలేదు.

ఇక మధ్యలోని నలభై ఏళ్ళు. డిగ్రీ, బ్యాంకు ఉద్యోగం, బదిలీలు, ఇద్దరు పిల్లలు. సంతకాలు సరిచూడటంలో నాకు పేరుండేది, అంతే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తితలీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను ఉద్దానంలో ఒక శాఖకు మేనేజరును. తెల్లారాక బయటికి వస్తే ఆకాశం మరీ పెద్దదిగా కనబడింది. కొబ్బరిచెట్లు లేకపోతే అలా ఉంటుందని అప్పుడే తెలిసింది. ఎన్ని రోజులో కరెంటు లేదు. కంప్యూటర్లు లేవు కనుక బ్యాంకూ లేదు. అయినా తలుపులు తీసి కూర్చునేవాడిని. ఒక రైతు రోజూ వచ్చి ఎదురుగా బల్ల మీద కూర్చుని, ఏమీ అడగకుండా సాయంత్రం లేచి వెళ్ళేవాడు. నాటిన మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుందని లెక్క చెప్పి “అప్పటికి నాకెంత వయసు?” అన్నాడు ఒకసారి. ఆ చీకట్లో, రద్దయిన రిజిస్టరు వెనుక పేజీల్లో, నేను ఒక హత్య రాయడం మొదలుపెట్టాను. కరవులో కామెడీలా ఉందని అనిపించవచ్చు. ఆ మనిషి ముఖం చూస్తూ తుఫాను గురించి రాసే ధైర్యం నాకు లేకపోయింది, అదీ నిజం.

పూర్తి కావడానికి ఆరేళ్ళు, అంటే నా పదవీ విరమణ దాకా పట్టింది. పేరు ‘ఎనిమిదో రోడ్డు’. మన ఏడు రోడ్ల కూడలిలో పుట్టిపెరిగినవాడికి ఆ పేరు విడమరచి చెప్పనక్కరలేదు. చనిపోయినవాడి జేబులో దొరికే వస్తువు, వాలుగ చేప దవడ ఎముక. ఒక పెద్ద ప్రచురణకర్తకు పంపాను. బాగానే ఉందట. కథను హైదరాబాదుకు మార్చి, చేప ఎముక తీసేసి విషం సీసా పెడితే వేస్తారట. పొందూరులో ఆ ఎముక పళ్ళతోనే పత్తిని దువ్వుతారని, అది మన జిల్లాలో చిన్న పిల్లవాడికైనా తెలిసిన పనిముట్టని చెబితే “మిగతా జిల్లాల వారి సంగతేమిటి?” అన్నారు. మిగతా జిల్లాల వారికి తెలియకపోవడమే కదండీ సస్పెన్సు!

ఇంకొక మాట కూడా పడవలసి వచ్చింది. మన జిల్లా కథ అంటే వలస, పోరాటం, ఆకలి. ఇంత బరువైన కథలు పుట్టిన నేల మీద నువ్వు హత్యలు రాస్తావా అని ఒక సాహితీ మిత్రుడు నొచ్చుకున్నారు. నాకూ ఆ సిగ్గు కొంత ఉండేది, ఇప్పుడు లేదు. అద్దె కొట్టులో దారం విప్పుకుని చదివినవాళ్ళమే తరువాత ఆ బరువైన కథల దాకా నడిచి వెళ్ళాం. నేరుగా వెళ్ళినవాడు మన క్లాసులో ఒక్కడుంటే చూపించండి.

సొంతంగా వేద్దామని తేల్చింది మీరే. పదమూడు ఫారాలు, అంటే 208 పేజీలు, 500 ప్రతులు. పుస్తకానికి వేసే గుర్తింపు సంఖ్య, ఐఎస్‌బీఎన్, మాత్రం మన దేశంలో రచయితకు ఉచితంగానే ఇస్తారు, మిగిలినదంతా డబ్బే. ఫోనులో నేను యూనికోడ్‌లో టైపు చేసినది అచ్చుకు పేజీలు కూర్చే డీటీపీలో ‘అను’ అనే ఫాంటుకు మార్చేసరికి ఒత్తులన్నీ చెల్లాచెదురయ్యాయి. ఒక అధ్యాయం నిండా ‘హంతకుడు’ ‘హంసకుడు’ అయి కూర్చున్నాడు. మనం కళ్ళజోడు అని పిలిచేవాడు మూడు సార్లు ప్రూఫులు చూశాడు. చూసి, మూడోసారి నా సంధులు కూడా దిద్దాడు, దిద్దవద్దంటే నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. ముందుగా డబ్బు కట్టినవాళ్ళు మన బ్యాచిలోనే అరవై ఎనిమిది మంది. గోళీసోడా కూతురి పెళ్ళిలో తాంబూలంతో పాటు ఇవ్వడానికి నలభై తీసుకున్నాడు. పెళ్ళిలో హత్య పుస్తకమేమిటని వియ్యంకుడు అడిగితే ఏం చెప్పాడో వాడినే అడగండి. ఆర్టీసీ కార్గోలో దిగిన కట్టలను పరజిల్లా తన ఆటోలో ఇంటింటికీ చేర్చాడు. కూర్మం డే అండ్ నైట్ కూడలిలో తన మందుల షాపు కౌంటరు మీద దొంతర పెట్టాడు. రక్తపోటు మాత్రలకు వచ్చిన వాళ్ళకు సస్పెన్సు నవల అమ్మడం వైద్యశాస్త్రం ఒప్పుకుంటుందో లేదో తెలియదు గానీ, వాడొక్కడే తొంభై ఒకటి అమ్మాడు. ఆఖరు పేజీలు ముందే చెప్పేసి మరీ అమ్మాడు. అంచేత మాస్టారి పాఠం వాడికే ఎక్కువ వంటబట్టింది.

2025 మార్చి రెండో ఆదివారం ఆవిష్కరణ. అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకే రోజులు కావడంతో తెల్లవారుజామునే ఊరు నిండిపోయింది. మన సభకు వచ్చినవాళ్ళలో సగం మంది నుదుట బొట్టుతో, చేతిలో ప్రసాదంతో వచ్చారు. వక్తలు నలుగురు ఏం మాట్లాడారో నాకు తలకెక్కలేదు. నేను గుమ్మం వైపు చూస్తున్నాను. మాస్టారిని మనవడు చెయ్యి పట్టి తీసుకొచ్చాడు. మనం కప్పిన పొందూరు ఖద్దరును వేళ్ళతో నలిపి చూసి, “చేప పళ్ళతో దువ్విందేనా?” అని నా చెవిలో అడిగారు. అంటే అప్పటికే కొంత చదివేశారన్న మాట. మైకు ఇస్తే ఒక్క ముక్కే: “వీడు తొమ్మిదిలో నాకు ఒక లెక్క బాకీ ఉన్నాడు. సరిచూశాక మాట్లాడతాను.”

ఏప్రిల్ నెలాఖరుకు 500 ప్రతులూ అయిపోయాయి. మళ్ళీ 500 వేశాం. ఆదిలాబాదు నుంచి ఒకావిడ వాలుగ చేప బొమ్మ గీసి పంపింది, ఇలాగే ఉంటుందా అని. నా ముప్పై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఎవరూ నాకు బొమ్మ గీసి పంపలేదు. ఆకాశవాణీ, ఇది గొప్పలు చెప్పుకోవడం కిందికి వస్తే కొట్టేయి.

మే నెలలో రెండు ప్రతులు ఇవ్వడానికి మన ఊరి విశాఖ ‘ఎ’ కాలనీలోని కథల గ్రంథాలయం, కథానిలయానికి వెళ్ళాను. కాళీపట్నం రామారావు మాస్టారు, ఆయనా లెక్కల మాస్టారే, 1997 ఫిబ్రవరిలో తెరిచిన నాటి నుంచి పాత పత్రికలు అక్కడ పోగుపడుతూనే ఉన్నాయి. ఊరికే, ఏ ఆశా లేకుండా, ఆ వారపత్రిక పాత సంచికలు తిరగేశాను. గంటన్నరకు దొరికింది. బంగళా, పదిమంది, ఆగిన గడియారం. ఆఖరి మూడు వారాలు, చెక్కు చెదరకుండా. నలభై ఏడేళ్ళ తరువాత నేను కుర్చీ అంచున కూర్చుని చదివాను.

హంతకుడు కవల సోదరుడు. సింగపూరు నుంచి వచ్చాడు. అంతకుముందు ఒక్క వారంలోనూ వాడి ఊసు లేదు.

ఫోనులో ఫొటోలు తీసుకుని నేరుగా మాస్టారి ఇంటికి వెళ్ళాను. ఆయన నా నవల ముందరేసుకుని ఉన్నారు, పక్కన ఎర్ర పెన్ను. పదికి ఏడు. ఒక మార్కు ఆముదాలవలసలో రైలు దిగిన మనిషిని పది నిమిషాల్లో ఏడు రోడ్ల కూడలికి చేర్చినందుకు పోయింది. పదమూడు కిలోమీటర్లు, అదీ ఆటోలో! మిగతా రెండూ ఎందుకు పోయాయో చెప్పనన్నారు, వెతుక్కోమన్నారు. నేను ఫోను ఆయన చేతికిచ్చి, అక్షరాలు పెద్దవి చేసి, ఒక్కొక్క పేజీ జరుపుతూ కూర్చున్నాను. చివరిదాకా చదివారు. కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు.

“చూశారా మాస్టారూ” అన్నాను. “అచ్చయిన సీరియలే ఇలా ఉంది. అంచేత నాకు వేసిన ఆ నాలుగు మార్కులు...”

“అంచేత ఆయనకూ నాలుగే” అన్నారు.