మనీలాలో ఒక మధ్యాహ్నం

మనీలా పాత కోట ఊరు ఇంట్రామూరోస్‌లో, యుద్ధంలో పోయిన జనం కోసం కట్టిన మెమొరారే స్మారకం ముందు చాలాసేపు నిలబడిపోయాను. చనిపోయిన బిడ్డను ఒళ్ళో పెట్టుకున్న తల్లి, చుట్టూ కుప్పకూలిన మనుషులు. 1945 ఫిబ్రవరిలో మొదలై నెల రోజులు సాగిన జపాన్, అమెరికా సేనల పోరులో మనీలాలో దాదాపు లక్షమంది మామూలు జనం పోయారు. జపాన్ సైనికుల ఊచకోత కొంత, అమెరికా ఫిరంగుల దెబ్బ కొంత. మనకేమో విముక్తి అంటే అమెరికా జనరల్ మెక్‌ఆర్థర్ ఫిలిప్పీన్స్‌లోని లేటే దీవి ఒడ్డున నీళ్ళలో నడిచొచ్చే ఫొటోనే!

మరి అమెరికా పక్షాన గెరిల్లాలుగా పోరాడిన ఫిలిప్పీన్స్ వాళ్ళ సంగతి? యుద్ధం చేయించుకుని, 1946లో చట్టం చేసి మరీ వాళ్ళకు రావాల్సిన చాలా సదుపాయాలు ఎగ్గొట్టింది అమెరికా. 2009లో పరిహారం మంజూరయ్యేసరికి ఎంతోమంది లేరు. ఉన్నవాళ్ళలోనూ అమెరికా పౌరులైతే 15,000 డాలర్లు, కాకపోతే 9,000. ఒకే యుద్ధంలో దిగినవాళ్ళకి ఈ తేడా ఏంటో నాకైతే మింగుడుపడట్లేదు.