నిషేధించాల్సింది తుపాకీ రూపాన్నా, పనితీరునా?

2023 మే 6న టెక్సాస్‌లో డాలస్ దగ్గరి ఆలెన్ పట్టణంలో ఒక షాపింగ్ మాల్ వద్ద జరిగిన కాల్పుల్లో ఎనిమిది మంది చనిపోయారు. వారిలో ఒకరు మన తెలుగమ్మాయి. గుంటూరులో, ముఖ్యంగా బ్రాడీపేట, అరండల్‌పేటల్లో, డాలస్ చుట్టుపక్కల ఎవరో ఒకరు లేని కుటుంబం అరుదు కనుక, ఆ వారమంతా ఏ ఇద్దరు కలిసినా ఇదే మాట. అలాంటి సెమీ ఆటోమేటిక్ తుపాకులను ఒక్క చట్టం చేసి నిషేధించలేరా అని అందరూ అడిగారు. నిజానికి అమెరికా ఆ పని ఒకసారి చేసింది. చేసిన తీరులోనే లోపముందని నా అభిప్రాయం.

మనలో చాలామంది దగ్గరగా చూసిన తుపాకీ బ్యాంకు గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్న మాజీ సైనికుడి భుజానికి వేలాడే డబుల్ బ్యారెల్ ఒక్కటే. రెండు గుళ్ళు పేలాక దాన్ని మడిచి మళ్ళీ నింపుకోవాలి. నేను ఎన్‌సీసీలో ఉన్నప్పుడు పాయింట్ టూ టూ రైఫిల్ పేల్చాను. బోర్లా పడుకుని, ఇసుక బస్తా మీద చెయ్యి ఆనించి ఒక గుండు పేల్చాక, కుడిచేత్తో బోల్టు పిడిని పైకెత్తి వెనక్కు లాగితే వేడి వేడి ఖాళీ కేసు ఎగిరి మట్టిలో పడేది. బోల్టును ముందుకు తోసి కిందికి దించితే తప్ప రెండో గుండు లోపలికి ఎక్కేది కాదు. ఈలోగా గురి చెదిరిపోయేది, మళ్ళీ చూపు కుదుర్చుకోవలసి వచ్చేది. (ఫైరింగ్ అయ్యాక ఆ ఖాళీ కేసులన్నీ ఏరి, లెక్క సరిపోయిందని హవల్దారు తల ఊపితే గానీ మమ్మల్ని కదలనిచ్చేవారు కారు.) సెమీ ఆటోమేటిక్ తుపాకీలో ఈ శ్రమంతా తుపాకీయే చేసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క గుండే పేలుతుంది గానీ, ఆ పేలుడు బలంతోనే ఖాళీ కేసు బయటకు పోయి తరువాతి గుండు లోపలికి ఎక్కుతుంది. కాల్చేవాడు వేలు కదిపితే చాలు. ఎంతసేపు కదపగలడన్నది మ్యాగజైన్‌లో, అంటే తుపాకీకి గుళ్ళు అందించే పెట్టెలో, ఎన్ని గుళ్ళున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. ట్రిగ్గర్ పట్టుకున్నంతసేపూ పేలుతూనే ఉండే పూర్తి ఆటోమేటిక్ తుపాకుల మీద అమెరికాలో 1934 నుంచీ కఠినమైన ఆంక్షలున్నాయి కాబట్టి, అక్కడి తగవంతా సెమీ ఆటోమేటిక్ రకం గురించే.

1994 సెప్టెంబరు 13న క్లింటన్ సంతకం చేసిన చట్టం కొన్ని మోడళ్ళను పేర్లు పెట్టి నిషేధించింది. మిగిలిన రైఫిళ్ళ విషయంలో, మ్యాగజైన్ ఊడదీసే వీలుండి, దానికి తోడు భుజానికి ఆనించే మడతపెట్టే వెనుక భాగం, పిస్టల్ తరహా పిడి, బాయ్‌నెట్ (తుపాకీ మొనకు పెట్టే కత్తి) తగిలించే కొక్కెం, మంటను కనపడనివ్వని గొట్టం వంటి హంగుల్లో రెండు ఉంటే అది నిషిద్ధమంది. కంపెనీలు ఏం చేశాయో ఊహించడం కష్టం కాదు. కొక్కెం తీసేసి, గొట్టం తీసేసి, అదే యంత్రాన్ని మరో పేరుతో అమ్మాయి. చట్టం నిషేధించింది తుపాకీ వేషాన్నే గాని, దాని వేగాన్ని కాదు. ఆ చట్టంలో నాకు నిజంగా పనికొచ్చేదిగా కనిపించిన నిబంధన ఒకటుంది: పది గుళ్ళకు మించి పట్టే మ్యాగజైన్ల కొత్త తయారీని ఆపడం. అయితే అప్పటికే జనం దగ్గర ఉన్న తుపాకుల, మ్యాగజైన్ల జోలికి అది వెళ్ళలేదు. పదేళ్ళ గడువు పెట్టుకుని పుట్టిన చట్టం 2004 సెప్టెంబరులో గడువు తీరి రద్దయింది. 2012 డిసెంబరులో కనెక్టికట్‌లోని ఒక ప్రాథమిక పాఠశాలలో ఇరవై మంది పసిపిల్లలు, ఆరుగురు సిబ్బంది హతమైన తరువాత కొత్త బిల్లు వచ్చింది. 2013 ఏప్రిల్‌లో సెనేట్ దాన్ని 60–40 తేడాతో తోసిపుచ్చింది. 2022 జులైలో ప్రతినిధుల సభ 217–213తో మరో బిల్లును ఆమోదించినా అది సెనేట్ గడప దాటలేదు.

కాలిఫోర్నియా అనుభవం ఇంకా విచిత్రం. ఊడదీసే మ్యాగజైన్ ఉండి, నిషిద్ధ హంగుల్లో ఒక్కటున్నా కుదరదని ఆ రాష్ట్రం అంటే, తయారీదారులు మ్యాగజైన్‌ను వేలితో కాకుండా తూటా మొనతో పొడిస్తేనే ఊడే బటన్ పెట్టి, ఇది 'పనిముట్టు లేకుండా ఊడదు' కనుక స్థిరమైన మ్యాగజైనే అని వాదించి సంవత్సరాల తరబడి అమ్ముకున్నారు. 2016లో మరో చట్టం చేస్తే గాని ఆ సందు మూసుకోలేదు.

న్యూజిలాండ్ వేరే దారి పట్టింది. 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మంది ప్రాణాలు తీసిన దాడి జరిగిన నెల తిరక్కుండానే, అక్కడి పార్లమెంటు 119–1తో చట్టం చేసింది. పిడి ఎలా ఉంది, రంగేమిటి అన్న ప్రస్తావన పెట్టుకోకుండా దాదాపు అన్ని సెమీ ఆటోమేటిక్ తుపాకులనూ నిషేధించి, పది గుళ్ళకు మించని పాయింట్ టూ టూ రైఫిల్ వంటి కొన్నింటిని మాత్రం పొలాల్లో కుందేళ్ళను కొట్టుకునే రైతులకు వదిలింది.

మన చట్టం సంగతి కూడా చెప్పాలి. 1959 ఆయుధ చట్టం కింద నిషిద్ధ బోరు, నిషిద్ధం కాని బోరు (బోరంటే తుపాకీ గొట్టం లోపలి వెడల్పు) అన్న విభజన ఉంది; సెమీ ఆటోమేటిక్ రైఫిల్ సాధారణ పౌరుడికి అందుబాటులో లేదు గాని, పాయింట్ త్రీ టూ పిస్టల్‌కు లైసెన్సు దొరకవచ్చు. గుంటూరులో కలెక్టరుకో, విజయవాడలో పోలీసు కమిషనరుకో దరఖాస్తు పెట్టి, విచారణ పూర్తయ్యేదాకా ఆగాలి. 2019 సవరణతో ఒకరి దగ్గర ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. ఎన్నికలు వస్తే ఆ రెండూ స్టేషన్లో అప్పజెప్పాలని నోటీసు. అయినా పల్నాడులో ఎన్నికలప్పుడు నాటు బాంబులు దొరుకుతూనే ఉంటాయి కదా అంటే, అదీ నిజమే. ఆయుధాల మీద ప్రభుత్వ పట్టును మనవాళ్ళు ఎప్పుడూ మెచ్చుకున్నారనీ అనుకోకూడదు. 1878 నాటి ఆయుధ చట్టాన్ని భారతీయులు అవమానంగానే భావించారు. 1930 జనవరిలో గాంధీజీ వైస్రాయ్ ముందుంచిన పదకొండు కోరికల్లో ఆత్మరక్షణకు తుపాకీ లైసెన్సులివ్వాలన్నది కూడా ఉంది. అందుకే ఆయుధాలు ఉంచుకునే హక్కునిచ్చే తమ రాజ్యాంగ రెండో సవరణ గురించి అమెరికన్లు ఆవేశపడితే నేను నవ్వలేను.

నిషేధాన్ని వ్యతిరేకించేవారి వాదనల్లో బలమైనదాన్ని నేను మా మేనల్లుడి నోటనే విన్నాను. గ్రీన్‌కార్డు వచ్చాక, "మామయ్యా, నేనూ ఒక రైఫిల్ కొందామనుకుంటున్నాను, అక్క వాళ్ళతో చెప్పకండి" అన్నాడు. వీసా మీద ఉన్నవాడికి వేట లైసెన్సు వంటి మినహాయింపు లేనిదే తుపాకీ అమ్మకూడదని అక్కడి చట్టం. గ్రీన్‌కార్డు ఉంటే ఆ అడ్డు లేదు. వద్దురా అన్నాను. అతను లెక్కలు తీశాడు. 2021లో అమెరికాలో తుపాకీ వల్ల చనిపోయిన 48,830 మందిలో సగానికి పైగా ఆత్మహత్యలు. హత్యల్లో అత్యధికం చేతి పిస్టళ్ళతో జరిగినవే, రైఫిళ్ళ వాటా చాలా తక్కువ. అలాంటప్పుడు జనం దగ్గర రెండు కోట్లకు పైగా ఉన్నాయని పరిశ్రమే చెప్పే ఒక రకం రైఫిల్‌ను నిషేధించి ఏం సాధిస్తారన్నది అతని ప్రశ్న. అది కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఒలేథాలో మన తెలుగు ఇంజినీరును బలిగొన్నది కూడా పిస్టలే.

కానీ ఆ లెక్క నా అభిప్రాయాన్నే బలపరుస్తోంది. రైఫిలా, పిస్టలా అన్నది వదిలి, ఆగకుండా ఎన్ని గుళ్ళు పేలుతాయన్నది చూడాలి. "మ్యాగజైన్‌కు పది గుళ్ళే అంటే, అవి చాలకపోతే? ఇంట్లోకి నలుగురు జొరబడితే?" అన్నాడు మేనల్లుడు. నేను టూసాన్ సంగతి చెప్పాను. 2011 జనవరి 8న అరిజోనాలోని ఆ ఊళ్ళో ఒక సూపర్ మార్కెట్ ముందు కాంగ్రెస్ సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్ మీద కాల్పులు జరిపినవాడి చేతిలో ఉన్నది మామూలు సెమీ ఆటోమేటిక్ పిస్టలే. అందులో 33 గుళ్ళ మ్యాగజైన్ ఉంది. 1994 చట్టం గడువు తీరకపోయి ఉంటే అలాంటిది కొత్తగా తయారుచేసి అమ్మేందుకు వీలుండేది కాదు. ఆరుగురు చనిపోయారు. అతను మ్యాగజైన్ మార్చుకోబోయిన ఆ కాసేపట్లోనే అక్కడున్నవాళ్ళు మీదపడి పడగొట్టారు, ఒక పెద్దావిడ రెండో మ్యాగజైన్ లాక్కున్నారు.