సీడీ19 సున్నా అంటే రక్తం అయిపోయినట్టు కాదు

మా అన్న కూతురికి లూపస్, అంటే ఇమ్యూనిటీ సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు. పన్నెండేళ్ల పిల్ల, జబ్బు కిడ్నీల మీద పడింది. పెద్దవాళ్లలో కంటే పిల్లల్లో ఇది కిడ్నీల జోలికి ఎక్కువగా పోతుంది. స్టెరాయిడ్, ఇమ్యూనిటీని అణిచే మైకోఫినోలేట్ వాడినా మూత్రంలో ప్రోటీన్ తగ్గకపోయేసరికి బెంగళూరులో రిటుక్సిమాబ్ అనే మందు ఎక్కించారు. తర్వాతి పరీక్షకు రక్తం కడపలోనే నేనే తీసి బయటికి పంపాను (ల్యాబ్ టెక్నీషియన్‌ని, కణాలను వాటి మీది గుర్తుల్ని బట్టి లెక్కపెట్టే ఫ్లో సైటోమెట్రీ మా దగ్గర లేదు). రిపోర్టులో సీడీ19, అంటే బీ కణాలనే ఒక రకం తెల్ల రక్తకణాల లెక్క, సున్నా. అది ఫ్యామిలీ గ్రూపులో పడగానే ఒకటే టెన్షన్. వదిన ఫోన్ చేసి "ఏమబ్బయ్యా, పాపకు రక్తంలో శక్తే లేదంట గదా" అంటుంది.

వదినా, ఆ మందు ఎక్కించిందే ఆ సున్నా కోసం.

లూపస్‌లో సొంత డీఎన్ఏ మీదే యాంటీబాడీలు పుడతాయి. వాటిని తయారుచేసే కణాలు బీ కణాల నుంచే వస్తాయి. బీ కణం మీద ఉండే సీడీ20 అనే గుర్తును పట్టుకుని రిటుక్సిమాబ్ ఆ కణాన్ని చంపుతుంది. మరి సీడీ20నే లెక్కపెట్టొచ్చు గదా అంటే, మందు అప్పటికే దాని మీద కూర్చుని ఉంటే పరీక్షలో మేం వాడే రీఏజెంట్ దానికి అంటుకోదు, కణం ఉన్నా లేనట్టే కనిపిస్తుంది. అందుకే పక్కనున్న ఇంకో గుర్తు, సీడీ19ని చూస్తాం. టీ కణాలు, న్యూట్రోఫిల్స్ మీద సీడీ20 గుర్తు సాధారణంగా ఉండదు కాబట్టి అవి ఈ మందుకు సూటిగా గురికావు. యాంటీబాడీలను విడుదల చేసే ప్లాస్మా కణాల మీద కూడా ఉండదు, కాబట్టి చిన్నప్పుడు వేయించిన టీకాల రక్షణ చాలావరకు నిలుస్తుంది. ఇబ్బంది ఏమిటంటే చెడ్డ యాంటీబాడీలను చేసే పాత ప్లాస్మా కణాలు కూడా అలాగే మిగిలిపోతాయి. బీ కణాలు సున్నా అయినా జబ్బు వెంటనే చల్లబడకపోవడానికి అదొక కారణం.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. లూపస్‌లో రిటుక్సిమాబ్ మీద జరిగిన పెద్ద ట్రయల్స్ అనుకున్న ఫలితం చూపలేదు. అయినా మిగతా మందులకు లొంగని కేసుల్లో డాక్టర్లు వాడుతూనే ఉన్నారు. 2007లో డాక్టర్ రెడ్డీస్ వాళ్లు దీని బయోసిమిలర్ (దాదాపు అలాగే పనిచేసేలా వేరే కంపెనీ చేసే మందు) తెచ్చారు కాబట్టి మనలాంటివాళ్లు కనీసం ఆలోచించగలుగుతున్నాం.

లూపస్‌కు వాడే ఇంకో మందు బెలిముమాబ్ దారి వేరు. అది బీ కణాలను సూటిగా చంపదు, అవి బతకడానికి కావాల్సిన బ్లిస్ అనే ప్రోటీన్‌ను పట్టేస్తుంది. అమెరికాలో పెద్దవాళ్లకు 2011లో, అయిదేళ్లు దాటిన పిల్లలకు 2019లో అనుమతి వచ్చింది. దీంతో కొత్త బీ కణాలు మెల్లగా తగ్గుతాయి, కానీ మెమరీ బీ కణాలు (ముందు ఎదురైనదాన్ని గుర్తుపెట్టుకునేవి) మొదట్లో రక్తంలో పెరుగుతాయి! రిపోర్టు చూసి మందు తిరగబడిందనుకునేరు, కాదు. కణజాలాల్లో ఉన్నవి రక్తంలోకి రావడం వల్లనే అని ఒక వివరణ ఉంది.

రిటుక్సిమాబ్ తర్వాత బీ కణాలు మామూలుగా ఆరు నెలల నుంచి ఏడాదిలో తిరిగొస్తాయి, ముందు లేత కణాలు, మెమరీవి బాగా ఆలస్యంగా. మెమరీ కణాలు తొందరగా వస్తే జబ్బు మళ్లీ లేస్తుందేమోనని డాక్టర్లు కన్నేసి ఉంచుతారు. అందుకే సీడీ19 ఒక్కటే పట్టుకుని కూర్చోకుండా సీ3, సీ4 (జబ్బు రేగినప్పుడు రక్తంలో తగ్గే ప్రోటీన్లు), డీఎస్‌డీఎన్‌ఏ (డీఎన్ఏ మీద పుట్టే యాంటీబాడీల పరీక్ష), మూత్రంలో ప్రోటీన్ కలిపి చూడాలి.

భయపడాల్సింది ఉంటే ఐజీజీ గురించి, అంటే రక్తంలో ఎక్కువగా ఉండే రక్షణ యాంటీబాడీ గురించి. పిల్లల్లో అది బాగా పడిపోయే అవకాశం ఉంది, పడిపోతే ఇన్ఫెక్షన్లు మళ్లీ మళ్లీ వస్తాయి. హెపటైటిస్ బి పరీక్ష మందుకు ముందే చేయించాలి, లోపల దాక్కున్న వైరస్ మళ్లీ లేవొచ్చు. తట్టు, అమ్మవారు లాంటి వాటికి వేసే లైవ్ టీకాలు ఈ మందు మీద ఉన్నప్పుడు వేయించకూడదు.

ఇంతలో అవ్వ తిప్పతీగ కషాయం కాచింది, ఇమ్యూనిటీ పెరుగుతుందని. పాప జబ్బే ఇమ్యూనిటీ దారి తప్పడం, దాన్ని ఇంకా ఎగదోస్తే ఎట్లా? పైగా తిప్పతీగతో లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే వచ్చాయి. పారబోయించాను, అవ్వ ఇంకా నాతో మాట్లాడటం లేదు. జ్వరం వస్తే మాత్రం కషాయమూ వద్దు, ఇంట్లో పారాసిటమాల్ వేసి రేపు చూద్దామనుకోవడమూ వద్దు, ఆ రోజే డాక్టర్‌కు ఫోన్ చేయండి.